యూరియా బస్తా మీద 46 ఎక్కడిది? రసాయన ఫార్ములా చదవడం ఇలా

గోదావరి డెల్టాలో ఖాళీ యూరియా బస్తా లేని ఇల్లు తక్కువ. ఎరువు చేలో చల్లేశాక ఆ సంచి ధాన్యం పోయడానికో, కొబ్బరి డొక్కలు మోయడానికో, కాకపోతే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికో పనికొస్తుంది. దాని మీద నత్రజని 46 శాతం అని అచ్చేసి ఉంటుంది. ఆ 46 కంపెనీవాళ్లు తమకు తోచినట్టు వేసుకున్న అంకె కాదు. యూరియా ఫార్ములా చదవడం వస్తే, చిత్తు కాగితం మీద నాలుగు లైన్లలో దాన్ని మీరే రాబట్టొచ్చు. పదో తరగతి చదివే పిల్లలకైనా, వాళ్లకు పాఠం చెప్పాల్సొచ్చిన అమ్మానాన్నలకైనా, ఎరువుల కొట్టు ముందు నిలబడి ఏ సంచి తీసుకోవాలో తేల్చుకోలేని రైతుకైనా పద్ధతి ఒక్కటే.

కెమిస్ట్రీ అనగానే పిల్లలకు టెన్షన్ మొదలయ్యేది ఫార్ములాల దగ్గరే. ఎక్కాల్లాగా వల్లె వేయిస్తే అంతే మరి. నిజానికి గుర్తు పెట్టుకోవాల్సింది ఓ పాతిక సంకేతాలు, పది పన్నెండు అయాన్లు, అంటే ఆవేశం ఉన్న పరమాణువులు, వాటి గుంపులు. మిగతాదంతా లెక్కపెట్టడం, కూడడం, భాగించడం.

మొదలుపెట్టే ముందు ఒక ఏర్పాటు. ఫార్ములాలు పుస్తకంలోనూ ప్యాకెట్ల మీదా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఒక మూలకానికీ తర్వాతి మూలకానికీ మధ్య చిన్న గీత పెడతాను. నీళ్లు హెచ్₂-ఓ, ఉప్పు ఎన్ఏ-సీఎల్, అలాగన్నమాట. అసలు ఫార్ములాలో ఆ గీత ఉండదు. మీరు చదివేటప్పుడు దాన్ని మనసులో పెట్టుకోవాలి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియడమే మొదటి మెట్టు. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు, వంటింట్లోంచి ఉప్పు, వంటసోడా ప్యాకెట్లు, పాకలోంచి ఎరువు సంచులు పెట్టుకుని కూర్చోండి.

మొదట అక్షరాలు విడదీయండి

ప్రతి మూలకానికీ ఒక సంకేతం ఉంటుంది. సంకేతం ఎప్పుడూ క్యాపిటల్ అక్షరంతోనే మొదలవుతుంది. దాని పక్కన చిన్న అక్షరం ఉంటే అది కూడా అదే మూలకానిది. మళ్లీ క్యాపిటల్ కనబడిందంటే కొత్త మూలకం మొదలైనట్టు. ఫార్ములాలో ప్రతి క్యాపిటల్ ముందూ పెన్సిలుతో ఒక గీత గీయండి, మూలకాలు వాటంతటవే విడిపోతాయి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సీ, ఓ రెండూ క్యాపిటల్ అయితే అది కార్బన్ మోనాక్సైడ్. తలుపులేసుకున్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే విషవాయువు. సీ క్యాపిటల్, ఓ చిన్నది అయితే అది కోబాల్ట్ అనే లోహం. చేతిరాత తిన్నగా లేకపోతే పరీక్షలో మార్కు పోయేది ఇక్కడే.

సంకేతాల్లో చాలావరకు ఇంగ్లీషు పేరులోని అక్షరాలే. హైడ్రోజన్ హెచ్, కార్బన్ సీ, నత్రజని ఎన్, ఆక్సిజన్ ఓ, గంధకం ఎస్, భాస్వరం పీ, కాల్షియం సీఏ, మెగ్నీషియం ఎంజీ, అల్యూమినియం ఏఎల్, క్లోరిన్ సీఎల్, జింకు జెడ్ఎన్, మాంగనీస్ ఎంఎన్. ఇంగ్లీషు పేరుతో పొంతన లేనివి కొన్నున్నాయి: సోడియం ఎన్ఏ, పొటాషియం కే, ఇనుము ఎఫ్ఈ, రాగి సీయూ, వెండి ఏజీ, బంగారం ఏయూ, సీసం పీబీ, పాదరసం హెచ్‌జీ, తగరం ఎస్ఎన్. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813 ప్రాంతంలో ఈ అక్షరాల పద్ధతి పెట్టినప్పుడు లాటిన్ పేర్లు తీసుకున్నాడు, దాంతో ఈ తిరకాసు. ఈ తొమ్మిదీ మాత్రం బట్టీ పట్టక తప్పదు.

వ్యవసాయ కుటుంబాల పిల్లలు ఎక్కువగా తడబడేది పొటాష్ దగ్గర. పేరు 'పొ'తో మొదలవుతుంది కదా అని పీ రాసేస్తారు. పీ భాస్వరానిది, పొటాషియానికి కే. ఎన్పీకే అని కొట్లో అంటారే, ఆ వరస గుర్తుంటే చాలు: నత్రజని, భాస్వరం, పొటాష్.

ఇంకో మాట. సంచి మీద 14-35-14, 28-28-0, 20-20-0-13 లాంటి నంబర్లు ఉంటాయి. అవి ఫార్ములాలు కావు. పోషకాల శాతాలు మాత్రమే. ఆ చివరి 13 గంధకం. ఫార్ములా అంటే ఒక పదార్థంలో ఏ పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో చెప్పేది.

తర్వాత అంకెలు లెక్కపెట్టండి

సంకేతం పక్కన కింద చిన్నగా ఉన్న అంకె దానికి ముందున్న మూలకానిదే, తర్వాతి దానిది కాదు. అంకె లేకపోతే ఒకటి. హెచ్₂-ఓ అంటే హైడ్రోజన్లు రెండు, ఆక్సిజన్ ఒకటి. పంచదార సీ₁₂-హెచ్₂₂-ఓ₁₁. కార్బన్లు 12, హైడ్రోజన్లు 22, ఆక్సిజన్లు 11, మొత్తం 45 పరమాణువులు ఒక్క అణువులో. వంటసోడా ఎన్ఏ-హెచ్-సీ-ఓ₃. ఇందులో 3 ఆక్సిజన్‌కే, కార్బన్‌కి కాదు.

ముందు పెద్దగా ఉన్న అంకె వేరు. 2హెచ్₂-ఓ అంటే రెండు నీటి అణువులు. హెచ్₂-ఓ₂ అంటే నీళ్లు కానే కాదు, పుండు కడిగినప్పుడు నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్. ముందున్న అంకెను మార్చితే సరుకు పరిమాణం మారుతుంది, కిందున్న అంకెను మార్చితే సరుకే మారిపోతుంది. సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు లెక్క కుదరక కింది అంకెలను దిద్దేసే పిల్లలున్నారు. ఆ చెయ్యి అక్కడికి వెళ్లకూడదు.

బ్రాకెట్ వస్తే, బయటున్న అంకెతో లోపలున్న ప్రతిదాన్నీ గుణించాలి. తడి సున్నం సీఏ-(ఓ-హెచ్)₂. కాల్షియం ఒకటి, ఆక్సిజన్లు రెండు, హైడ్రోజన్లు రెండు. యూరియా సీ-ఓ-(ఎన్-హెచ్₂)₂. బ్రాకెట్ లోపల నత్రజని ఒకటి, హైడ్రోజన్లు రెండు. బయట 2 ఉంది కాబట్టి నత్రజనులు రెండు, హైడ్రోజన్లు నాలుగు. కార్బన్, ఆక్సిజన్ బ్రాకెట్ బయట ఉన్నాయి, అవి ఒక్కొక్కటే.

మధ్యలో చుక్క కనబడితే దాన్ని గుణకారం అనుకోకండి. చుక్క తర్వాత ఉన్నది ఆ స్ఫటికంలో పట్టి ఉన్న నీళ్లు. మైలుతుత్తం సీయూ-ఎస్-ఓ₄·5హెచ్₂-ఓ. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఐదేసి నీటి అణువులు. నీలంగా మెరిసే మైలుతుత్తం పలుకుల్ని స్కూలు ల్యాబులో పరీక్షనాళికలో వేసి వేడి చేస్తే, ఆ నీళ్లు ఆవిరై నాళిక పైభాగాన చెమ్మ పడుతుంది, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక నాలుగు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నీలం. చుక్క అంటే ఏమిటో ఆ ఒక్కసారి చూసినవాడు మరచిపోడు. ఇంట్లో పొయ్యి మీద మాత్రం చేయొద్దు, అది విషం.

ఇప్పుడు తూకం వేయండి

దుకాణంలో డబ్బు మిగిల్చేది ఈ మెట్టే. ప్రతి పరమాణువుకీ ఒక బరువుంది. హైడ్రోజన్ 1, కార్బన్ 12, నత్రజని 14, ఆక్సిజన్ 16, సోడియం 23, మెగ్నీషియం 24, అల్యూమినియం 27, భాస్వరం 31, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40, ఇనుము 56, రాగి 63.5, జింకు సుమారు 65. ఈ వరసను నోటుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.

యూరియాతో మొదలెట్టండి. కార్బన్ ఒకటి, 12. ఆక్సిజన్ ఒకటి, 16. నత్రజనులు రెండు, 28. హైడ్రోజన్లు నాలుగు, 4. కూడితే 60. అందులో నత్రజని 28. 28ని 60తో భాగించి వందతో గుణిస్తే 46.67. సంచి మీద 46 అని ఎందుకుందో తెలిసిందిగా. 45 కిలోల బస్తాలో అసలు నత్రజని 20 కిలోల 700 గ్రాములు. సార్వా చేనుకి ఎకరానికి ఇంత నత్రజని వేయమని వ్యవసాయాధికారి చెబితే, ఆ అంకెను 0.46తో భాగించండి. ఎన్ని కిలోల యూరియా కావాలో వస్తుంది. బస్తాల లెక్కన ఉజ్జాయింపుగా చల్లేయడం కంటే ఇది నయం.

పోల్చి చూడాలంటే అమ్మోనియం సల్ఫేట్ తీసుకోండి: (ఎన్-హెచ్₄)₂-ఎస్-ఓ₄. నత్రజని 28, హైడ్రోజన్లు 8, గంధకం 32, ఆక్సిజన్లు 64. మొత్తం 132. నత్రజని 21 శాతం చిల్లర. అంటే అదే నత్రజని కోసం యూరియా కంటే రెండింతలకు పైగా సంచులు మోయాలి. బదులుగా గంధకం దక్కుతుంది.

ఇక డీఏపీ, అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్. ఫార్ములా (ఎన్-హెచ్₄)₂-హెచ్-పీ-ఓ₄. దీని బరువు కూడా కాకతాళీయంగా 132 వస్తుంది, వేసి చూడండి. నత్రజని 28కి 21 శాతం. సంచి మీద మాత్రం 18 ఉంటుంది. ఎరువుగా అమ్మేది ల్యాబులో ఉండే స్వచ్ఛమైన సరుకు కాదు కాబట్టి కొంత తగ్గుతుంది, అందులో మోసం లేదు. కానీ భాస్వరం లెక్క వేస్తే తికమక పడతారు. 31ని 132తో భాగిస్తే 23 శాతం చిల్లర వస్తుంది, సంచి మీద ఏకంగా 46. 23 శాతం సరుకు సంచి మీదికొచ్చేసరికి రెట్టింపు ఎలా పెరిగింది?

పెరగలేదు. ఎరువుల లెక్కల్లో భాస్వరాన్ని భాస్వరంగా చెప్పరు, పీ₂-ఓ₅ అనే ఆక్సైడ్ రూపంలోకి మార్చి చెబుతారు. పాతకాలపు రసాయన విశ్లేషణలో మూలకాలను ఆక్సైడ్ల లెక్కన చెప్పే అలవాటు ఉండేది, ఎరువుల వ్యాపారంలో అది అలాగే ఉండిపోయింది. నిజానికి డీఏపీ సంచిలో పీ₂-ఓ₅ అన్నది పలుకు కూడా ఉండదు. పీ₂-ఓ₅ బరువు 62, 80 కలిపి 142. అందులో భాస్వరం 62. కాబట్టి సంచి మీది 46ని 62తో గుణించి 142తో భాగించండి. 20 వస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం పది కిలోలు. పొటాష్‌దీ ఇదే కథ. కే-సీఎల్‌లో పొటాషియం 52 శాతమే అయినా సంచి మీద 60 ఉండటానికి కారణం కే₂-ఓ లెక్క. నా మటుకు ఈ ఆక్సైడ్ లెక్క ఎప్పుడో మానేయాల్సింది. రైతుకు దీనివల్ల ఒరిగింది గందరగోళం తప్ప ఏమీ లేదు.

భాస్వరం ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగు చూసి కొలిచేదే. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ భాస్వరం వెంటపడే ఆయన బృందం కండరాల్లో ఏటీపీని, అంటే కణాలకు శక్తినిచ్చే అణువును పట్టుకుంది. దాని ఫార్ములా సీ₁₀-హెచ్₁₆-ఎన్₅-ఓ₁₃-పీ₃. ఒక అణువులో మూడు భాస్వరాలు. దాని బరువు మీరే వేసుకోండి, 507 రావాలి.

తూకం లెక్క అన్నిటికంటే బాగా పనికొచ్చేది జింకు దగ్గర. వరి ఆకుల మీద తుప్పురంగు మచ్చలు పడి, దుబ్బు ఎదగకుండా నిలిచిపోతే జింకు సల్ఫేట్ వేయమంటారు. కొట్టుకెళ్తే రెండు రకాల ప్యాకెట్లు చూపిస్తారు. ఒకదాని మీద 21 శాతం, ఇంకోదాని మీద 33 శాతం. రెండోది ధర ఎక్కువ. ఏది తీసుకోవాలి?

ఫార్ములా చూడండి. మొదటిది జెడ్ఎన్-ఎస్-ఓ₄·7హెచ్₂-ఓ. జింకు 65, గంధకం 32, ఆక్సిజన్లు 64, నీళ్లు ఏడు పద్దెనిమిదులు 126. మొత్తం 287. జింకు 22.6 శాతం. రెండోది జెడ్ఎన్-ఎస్-ఓ₄·హెచ్₂-ఓ. మొత్తం 179, జింకు 36 శాతం. రెండింట్లోనూ జింకు సల్ఫేట్ ఒకటే, తేడా అంతా చుక్క తర్వాత ఉన్న నీళ్లదే. మొదటి రకంలో నూటికి దాదాపు 44 పాళ్లు నీళ్లు. కాబట్టి ప్యాకెట్ ధరలు పోల్చకండి, కిలో జింకు ధర పోల్చండి. పది కిలోల 21 శాతం సంచిలో జింకు 2.1 కిలోలు, 33 శాతం సంచిలో 3.3 కిలోలు. సంచి ధరను దానితో భాగిస్తే ఏది చవకో తేలిపోతుంది. 20 కిలోల మొదటి రకం వేయాల్సిన చోట రెండో రకం 12 కిలోల 700 గ్రాములు సరిపోతుంది. ఈ లెక్క తెలియక రెండింటినీ ఒకే మోతాదులో చల్లేవాళ్లున్నారు.

ఫార్ములా మీరే రాయడం

చదవడం వచ్చాక రాయడం కష్టం కాదు. దీనికి అయాన్ల ఆవేశాలు తెలియాలి. ఇవి ఎన్నో లేవు. ఒక ధనావేశం ఉన్నవి సోడియం, పొటాషియం, హైడ్రోజన్, అమ్మోనియం అంటే ఎన్-హెచ్₄. రెండు ధనావేశాలు ఉన్నవి కాల్షియం, మెగ్నీషియం, జింకు, సాధారణంగా రాగి. మూడు ఉన్నది అల్యూమినియం. ఇనుము రెండూ చేస్తుంది, మూడూ చేస్తుంది. రుణం వైపు చూస్తే క్లోరైడ్, హైడ్రాక్సైడ్ ఓ-హెచ్, నైట్రేట్ ఎన్-ఓ₃, బైకార్బనేట్ హెచ్-సీ-ఓ₃, ఇవి ఒక్కొక్కటి. ఆక్సైడ్, సల్ఫేట్ ఎస్-ఓ₄, కార్బనేట్ సీ-ఓ₃, ఇవి రెండేసి. ఫాస్ఫేట్ పీ-ఓ₄కి మూడు.

ధనం ముందు, రుణం వెనక రాయండి. ఒకదాని ఆవేశం అంకెను రెండోదాని కిందికి దించండి, అడ్డంగా మార్చి. కాల్షియం 2, క్లోరైడ్ 1: సీఏ-సీఎల్₂. అల్యూమినియం 3, సల్ఫేట్ 2: ఏఎల్₂-(ఎస్-ఓ₄)₃. సల్ఫేట్ ఒకటి కంటే ఎక్కువ ఉంది, అదొక గుంపు, కాబట్టి బ్రాకెట్ తప్పదు. క్లోరిన్ ఒంటరి, దానికి బ్రాకెట్ అక్కర్లేదు. రెండు వైపులా ఒకే అంకె వస్తే కొట్టేయండి. కాల్షియం 2, ఆక్సైడ్ 2, కాబట్టి సీఏ-ఓ మాత్రమే. అయితే ఈ కొట్టివేత అయాన్లతో కట్టిన లవణాలకే. హెచ్₂-ఓ₂ని హెచ్-ఓ అని, గ్లూకోజ్ సీ₆-హెచ్₁₂-ఓ₆ని సీ-హెచ్₂-ఓ అని కుదించకూడదు. అవి విడి అణువులు, అందులో ఎన్నున్నాయో అన్నీ రాయాల్సిందే.

చేలోంచే ఒక లెక్క. డీఏపీ, జింకు సల్ఫేట్ కలిపి వేయొద్దని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. ఎందుకో ఫార్ములా రాసి చూడండి. జింకుకు రెండు ధనావేశాలు, ఫాస్ఫేట్‌కి మూడు రుణావేశాలు. అడ్డంగా మారిస్తే జెడ్ఎన్₃-(పీ-ఓ₄)₂. ఇది జింకు ఫాస్ఫేట్, నీళ్లలో దాదాపు కరగదు. డబ్బు పెట్టి కొన్న జింకు, భాస్వరం రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మొక్కకు అందకుండా కూర్చుంటాయి. రెంటికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఇవ్వమనేది ఇందుకే.

ఇనుము సంగతి బోరు దగ్గర కనబడుతుంది. కొన్ని ఊళ్లలో బోరు కొట్టగానే నీళ్లు తేటగా వస్తాయి, బిందెలో కాసేపు నిలవగానే పసుపు తిరిగి, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. భూమిలో గాలి తగలకుండా ఉన్నప్పుడు ఇనుము రెండు ఆవేశాలతో నీళ్లలో కరిగి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి మూడుకి మారగానే ఎఫ్ఈ-(ఓ-హెచ్)₃ లాంటి కరగని పదార్థంగా కిందికి దిగిపోతుంది. బిందెను రాత్రంతా కదపకుండా ఉంచి పైనీళ్లు వంచుకునే ఆడవాళ్లు చేస్తున్నది అచ్చంగా ఈ రసాయన శాస్త్రమే.

సున్నం మూడు రకాలు, అమోనియా రెండు రూపాలు

ఫార్ములాలో చిన్న తేడాకు ఎంత ఖరీదుంటుందో రొయ్యల చెరువు గట్టు మీద తెలుస్తుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులున్నవాళ్లకు సున్నం లేనిదే పని జరగదు. కానీ సున్నం అని ఒకే పేరుతో పిలిచేవి మూడు. సున్నపురాయి పొడి సీఏ-సీ-ఓ₃, బరువు 100. దాన్ని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ 44 పాళ్లు గాల్లోకి పోయి, సీఏ-ఓ 56 పాళ్లు మిగులుతుంది. అది కాల్చిన సున్నం, నీళ్లు తగిలితే బుసబుసమని కాగిపోతుంది, కళ్లలో పడితే చూపు పోవచ్చు. దానికి నీళ్లు కలిపితే సీఏ-(ఓ-హెచ్)₂, బరువు 74. గోడలకు వేసే తడి సున్నం ఇదే. గుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నానికీ ఇదే వరస, ఎందుకంటే గుల్ల కూడా సీఏ-సీ-ఓ₃ అన్నదే.

ఆమ్లాన్ని విరిచే పనిలో 100 కిలోల సున్నపురాయి, 74 కిలోల తడి సున్నం, 56 కిలోల కాల్చిన సున్నం సమానం. మూడింట్లోనూ కాల్షియం అంతే ఉంది. కానీ పని తీరు వేరు. ఓ-హెచ్ ఉన్నదీ, నీళ్లు తగలగానే ఓ-హెచ్‌గా మారేదీ చెరువు పీహెచ్‌ని, అంటే నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల్లో ఏది ఎంతో చెప్పే అంకెను, ఒక్కసారిగా ఎగదోస్తాయి. సీ-ఓ₃ ఉన్న పొడి నెమ్మదిగా, కొంతవరకే పెంచుతుంది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే అమోనియా వల్ల. మేత మిగిలిపోయి, మలం పేరుకుని చెరువులో అమోనియా తయారవుతుంది. అది రెండు రూపాల్లో ఉంటుంది: ఎన్-హెచ్₃, ఎన్-హెచ్₄ మీద ఒక ధనావేశం. తేడా ఒక్క హైడ్రోజన్, ఒక ఆవేశం. మొదటిది మొప్పల్లోంచి లోపలికి చొరబడి రొయ్యను చంపుతుంది. రెండోది దానితో పోలిస్తే చాలావరకు నిరపాయం. ఏది ఎంతుండాలో నిర్ణయించేది పీహెచ్, వేడి. ముప్పై డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమోనియాలో విష రూపం నూటికి ఏడెనిమిది పాళ్లు. పీహెచ్ 9 అయితే దాదాపు 45 పాళ్లు. ఉప్పునీళ్ల చెరువులో కాస్త తగ్గుతుంది గానీ పోకడ అదే. అమోనియా మొత్తం ఏమీ పెరగలేదు, హైడ్రోజన్లు ఊడిపోయాయంతే.

మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుని పీహెచ్‌ని పైకి తెస్తుంది. అమోనియా ఎక్కువుందని నీళ్లు పరీక్షించే కిట్‌లో తేలిన రోజు, ఎండవేళ, పీహెచ్ అప్పటికే ఎత్తులో ఉండగా కాల్చిన సున్నమో తడి సున్నమో చల్లితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కాబట్టి సున్నం సంచి కొనేటప్పుడు పేరు అడిగి ఊరుకోకండి. మీద ఫార్ములా ఉందేమో చూడండి, లేకపోతే అది పై మూడింట్లో ఏదో కొట్టువాణ్ని అడిగి తేల్చుకోండి. కిట్‌లో వచ్చే అమోనియా అంకెను పీహెచ్ అంకెతో కలిపి చదవండి. ఒక్కదాన్ని చూసి కంగారు పడితే లాభం లేదు, ఊరుకున్నా లాభం లేదు.

సమీకరణంలో సరిచూసుకోవడం

కోనసీమ భూమి కింద ఉన్న సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్, సీ-హెచ్₄. 1995లో పాశర్లపూడి బావిలో రెండు నెలలకు పైగా మండింది ఇదే వాయువు. ఇదే మీథేన్‌లోని హైడ్రోజన్‌తో అమోనియా చేసి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి యూరియా తయారుచేస్తారు. చివరి మెట్టు ఇలా ఉంటుంది: 2ఎన్-హెచ్₃, సీ-ఓ₂ కలిసి సీ-ఓ-(ఎన్-హెచ్₂)₂, హెచ్₂-ఓ ఇస్తాయి. రెండు వైపులా లెక్కపెట్టండి. ఎడమన నత్రజనులు 2, హైడ్రోజన్లు 6, కార్బన్ 1, ఆక్సిజన్లు 2. కుడివైపు యూరియాలో హైడ్రోజన్లు 4, నీళ్లలో 2, మొత్తం 6. ఆక్సిజన్ చెరొకటి. సరిపోయింది. సరిపోకపోతే ముందున్న పెద్ద అంకెల్ని మార్చి చూడాలి.

చేతికి అలవాటు కావడానికి మూడు లెక్కలు. వరదల్లో గోదావరి ఎర్రనీళ్లు తేర్చడానికి బిందెలో తిప్పే పటిక కే-ఏఎల్-(ఎస్-ఓ₄)₂·12హెచ్₂-ఓ. చెరువుల్లో వేసే డోలమైట్ సీఏ-ఎంజీ-(సీ-ఓ₃)₂. మూడోది మైలుతుత్తం, పైన ఉంది. ఒక్కోదాంట్లో ఏ పరమాణువులు ఎన్నున్నాయో ముందు రాయండి, తర్వాత బరువు వేయండి. చూడకుండా చేశాక సరిచూసుకోండి. పటికలో పొటాషియం 1, అల్యూమినియం 1, గంధకం 2, ఆక్సిజన్ 20, హైడ్రోజన్ 24, బరువు 474. ఆక్సిజన్ 8 వచ్చిందంటే చుక్క తర్వాతి నీళ్లు వదిలేశారు, 9 వచ్చిందంటే 12తో గుణించడం మరిచారు. డోలమైట్‌లో కాల్షియం 1, మెగ్నీషియం 1, కార్బన్ 2, ఆక్సిజన్ 6, బరువు 184. మైలుతుత్తం బరువు 249.5, అందులో నీళ్లు 90, అంటే నూటికి 36 పాళ్లు.